మాట కింద పేరు



ప్రజాస్వామ్యంలో పత్రికల గురించి మాట్లాడమన్నప్పుడు, అదేదో సంపాదకులకీ మంత్రులకీ మధ్య వ్యవహారం కదా, ఉయ్యూరులో ఇల్లు దిద్దుకునే నాబోటిదానికి ఏం పని అనుకున్నాను. తరవాత మా వీధి కుళాయి జ్ఞాపకం వచ్చింది.

ఒక వేసవిలో ఆ కుళాయికి పదిహేను రోజులపాటు బురదనీళ్ళు వచ్చాయి. బిందెలో చిల్లగింజ అరగదీసి వేస్తే, తెల్లారేసరికి అడుగున వేలెడు మడ్డి. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. చెప్పవలసిన చోట మగవాళ్ళు రెండుసార్లు చెప్పివచ్చారు. చివరికి పేపరుకి ఉత్తరం రాద్దామని ఆడవాళ్ళం నలుగురం మా అరుగుమీద చేరాం. రాయడం అరగంటలో అయిపోయింది. సంతకం దగ్గరే ఆగిపోయాం! "మావారు ఉద్యోగస్తులు, నా పేరొద్దు వదినా" అన్నారొకావిడ. "మా అత్తగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా" అంది ఇంకొకావిడ. పోనీ 'ఒక గృహిణి' అని పెడదామా అంటే, పేరూ చిరునామా లేని ఉత్తరాలు ప్రచురించబడవని ఆ పేజీలోనే వేసి ఉంది.

అప్పటిదాకా ఎన్నడూ చూడని చోటొకటి ఆ పూట చూశాను. పేపరులో ఓ పేజీ అడుగున చీమతలకాయలంత అక్షరాలతో ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, సంపాదకుడి పేరు ఉంటాయి. అచ్చువేసినవారు, ప్రచురించినవారు పేర్లు వెయ్యాలన్నది 1867లో తెల్లవాళ్ళు చేసిన చట్టంతో వచ్చిన నియమం. తమకి నచ్చని రాత వస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికి వాళ్ళు చేసుకున్న ఏర్పాటది. కాని అబద్ధం రాస్తే ఎవర్నడగాలో మనకీ తెలుస్తుంది చూడండి.

ఆ పేరు ఖరీదెంతో మన బెజవాడకి బాగా తెలుసు. 1908లో అక్కడినుంచి 'స్వరాజ్య' అనే పత్రిక వచ్చేది. తిరునల్వేలిలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపితే, దాని సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఘాటుగా వ్యాసం రాశారు. రాజద్రోహమన్నారు. జైల్లో పెట్టారు. ఆయనతోపాటు బోడి నారాయణరావుగారికీ శిక్ష పడింది. మా ఊరిమీదుగా పోయే బందరు రోడ్డు చివర, ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా 'కృష్ణాపత్రిక' నడిపారు. ఆ మాట ఎవరిదని ఎవరూ అడగనక్కరలేకపోయింది.

స్వరాజ్యం వచ్చాక ఆ భయం పోయిందా అంటే, పోలేదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి పెట్టినప్పుడు పత్రికలు అచ్చయ్యేముందే సెన్సారుకి చూపించుకోవలసి వచ్చింది. రేడియోకి ఆ శ్రమ కూడా లేదు లెండి. 1997లో ప్రసారభారతి వచ్చేదాకా ఇది నేరుగా ప్రభుత్వ శాఖే. ఇక్కడ కూర్చుని ఈ మాట అనడం నాకే కాస్త తమాషాగా ఉంది.

భయం ఒక్కటే కాదు, డబ్బూ ఉంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థులిచ్చిన సొమ్ముకి వాళ్ళ పొగడ్తల్ని వార్తలుగా వేశారన్న ఆరోపణలు మన రాష్ట్రంలోనూ వచ్చాయి. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసి విచారించింది. అందులో ఒకరు తెలుగు పాత్రికేయులే, కె. శ్రీనివాసరెడ్డిగారు. ప్రకటన అయితే ప్రకటన అని వేస్తే ఏ గొడవా లేదు. బియ్యంలో తెల్లరాయి కలిపినట్టు వార్తల్లో కలిపితేనే చిక్కు, పంటికిందకి వచ్చేదాకా తెలియదు. ఇప్పుడు సెల్‌ఫోనులో వచ్చే కబురుకైతే అసలు తలా తోకా ఉండదు. ఎవరన్నారమ్మా అంటే, "ఎవరో పంపారు" అంటారు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళని తలుచుకోండి. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ సారా మీద తిరగబడ్డవాళ్ళు. 1992లో ఆ సంగతి 'ఈనాడు'తో సహా పత్రికలు ఊరూరా చేర్చాయి. ఉద్యమం పత్రికలు పుట్టించినది కాదు, వాళ్ళది. కాని వర్ధినేని రోశమ్మ అనే పేరు అచ్చులో కనపడ్డాక, పక్క జిల్లా ఆడదానికి తనలాంటిది ఒకతె ఉందని తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే కథ. ఆనాడు ఆ ఊరివాళ్ళు 'మా పేరొద్దు' అని ఉంటే పేపరువాళ్ళు మాత్రం ఏం రాసేవారు?

ఇంతకీ మా ఉత్తరం. నా ఒక్కదాని పేరుతోనే పోస్టు చేశాను. నాలుగో రోజున అయిదు వరసల్లో వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఒకాయన గుమ్మంలో నిలబడి, "అమ్మా, పేపరుకి రాసింది మీవారేనా?" అన్నాడు. లోపల మావారు గడ్డం గీసుకుంటున్నారు, పలకలేదు.

"కాదండీ, నేనే రాశాను. సీసా తెచ్చారా, నీళ్ళు పట్టిస్తాను" అన్నాను.

పైపు పగిలింది మురుక్కాలవ పక్కనేనట. బాగుచెయ్యడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారమంతా వీధి వీధంతా నీళ్ళు కాచుకునే తాగాం.