రామప్ప నల్లరాయి

వరంగల్ కోటలో ఏకశిల గుట్ట ఎక్కితే కాళ్ల కింద ఉండేది గ్రానైట్. తెల్లగా, గులాబీగా మెరిసేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. అందులో సిలికా 70 శాతం దాకా ఉంటుంది కనుక ఘన సెంటీమీటరుకు బరువు సుమారు 2.65 గ్రాములే.

ఇప్పుడు పాలంపేట వెళ్దాం. 1213లో మొదలైన రామప్ప గుడిలో మదనికలనే స్త్రీ శిల్పాలను చెక్కింది డోలరైట్ అనే నల్లరాతిలో. ఇందులో సిలికా 50 శాతం దరిదాపులే. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. అందుకే ఆ నలుపు, 3కు చేరువైన సాంద్రత. ఒకే సైజు ముక్కలు రెండు చేతుల్లో పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

దక్కను బసాల్ట్‌దీ దాదాపు ఇదే కూర్పు. అది నేలపై పారిన లావా, త్వరగా చల్లారింది. డోలరైట్ భూమి లోపలి పగుళ్లలో గట్టిపడింది. దాని సన్నని ఖనిజాలు గట్టిగా అల్లుకుని ఉంటాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాతా మదనికల నగల అంచులు చెదరకపోవడానికి శిల్పి చేయితో పాటు ఈ అల్లికా కారణమే.