వెబ్ సాంకేతికతతో పరిశోధన: డిగ్రీ దశలోనే తొలి అడుగు



వెబ్ సాంకేతిక పరిజ్ఞానం సహాయంతో డిగ్రీ స్థాయిలోనే పరిశోధన చేయడం ఎలా? ఇదీ ఈనాటి మన పాఠ్యాంశం. ‘పరిశోధన అంటే పీజీ అయ్యాక, పీహెచ్‌డీలో చేసేది కదా మాస్టారూ!’ అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. ఆ మాట ఎంతవరకు నిజమో వెబ్ చరిత్రలోనే చూద్దాం.

1989 మార్చిలో, జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ఒక ప్రతిపాదన రాశారు. వేర్వేరు కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని లింకులతో కలపాలన్నది దాని సారాంశం. 1990 చివరికి తొలి బ్రౌజర్, తొలి సర్వర్ తయారయ్యాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ బ్రౌజర్ ‘నెక్స్ట్’ అనే ఒక్క రకం కంప్యూటర్‌పైనే నడిచేది. అది లేనివారి మాటేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు రాసినది నికోలా పెల్లో. ఇంగ్లండులో డిగ్రీలో గణితం చదువుతూ, చదువులో భాగంగా పని నేర్చుకోవడానికి సెర్న్‌కు వచ్చిన విద్యార్థిని ఆమె. రకరకాల మామూలు కంప్యూటర్లపైనా నడిచే ‘లైన్ మోడ్ బ్రౌజర్’ను ఆమె రాశారు. 1991లో అది వాడుకలోకి వచ్చింది. అందులో బొమ్మలు లేవు, మౌస్‌తో పని లేదు. ప్రతి లింకు పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె టైపు చేస్తే ఆ పేజీ తెరుచుకుంటుంది. అంతే! కానీ ఆ చిన్న పనితో వెబ్ ఒక రకం కంప్యూటర్ హద్దు దాటింది.

1993లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్ అనే డిగ్రీ విద్యార్థి, ఎరిక్ బీనాతో కలిసి ‘మొజాయిక్’ బ్రౌజర్‌ను రూపొందించాడు. అక్షరాల మధ్యనే బొమ్మ కూడా కనబడే ఆ బ్రౌజర్ వెబ్‌ను సామాన్యుల దగ్గరకు చేర్చింది. అదే సంవత్సరం ఏప్రిల్ 30న, వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సెర్న్ ప్రకటించింది.

ఈ ఇద్దరిలో మనం గమనించవలసినది ఏమిటి? వారి పని ఒక ‘టాపిక్’తో మొదలు కాలేదు. కళ్లెదుట ఉన్న ఒక ఇబ్బందితో మొదలైంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి మీకు చెప్పాలి. ఒక ఏడాది నా విద్యార్థులు ఇచ్చిన ప్రాజెక్టు నివేదికలు దిద్దుతున్నాను. రెండు నివేదికల్లో ఒకే వాక్యం, అదే వాక్యంలో ఒకే అక్షరదోషం! ఇద్దరూ ఒకే పేజీ నుంచి ఎత్తి రాశారు. పిలిచి కోప్పడ్డాను. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే తప్పులో నా వంతు కనబడింది. నేనిచ్చిన అంశం ‘ఇంటర్నెట్ ఉపయోగాలు’. దాని జవాబు అప్పటికే వెబ్‌లో సిద్ధంగా ఉంది. దొరికే జవాబునే అడిగి, దొరికింది రాశారని కోప్పడటం ఏం న్యాయం? ఈనాడు కృత్రిమ మేధ పరికరాలు అటువంటి నివేదికను నిమిషంలో రాసి ఇస్తున్నాయి. కనుక వెబ్‌లో జవాబు లేని ప్రశ్నను ఎంచుకోవడమే మీ మొదటి పని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘మా కళాశాల వెబ్‌సైటు, మా ఊళ్లో, తక్కువ ఖరీదు ఫోనులో తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది? ఎందుకు?’ దీనికి జవాబు మీరు కొలిస్తేనే తెలుస్తుంది.

మొదట ఫోనులో వేర్వేరు వేళల్లో పదేసి సార్లు కొలిచి, తేదీ, సమయంతో సహా నోటుపుస్తకంలో రాయండి. తర్వాత కంప్యూటర్‌లో క్రోమ్ గాని, ఫైర్‌ఫాక్స్ గాని తెరిచి ఎఫ్12 మీట నొక్కండి. అందులో ‘నెట్‌వర్క్’ అన్న భాగం ఉంటుంది. పేజీలోని ఏ ఫైలు ఎంత పరిమాణంలో ఉందో, ఎంతసేపట్లో వచ్చిందో అది చూపిస్తుంది. అక్కడ 4 మెగాబైట్ల ఫొటో ఒకటి కనబడిందనుకోండి. ఒక బైటుకు 8 బిట్లు. అంటే ఆ ఫొటో 32 మెగాబిట్లు. సెకనుకు 1 మెగాబిట్ వేగంలో అది రావడానికి 32 సెకన్లు పడుతుంది. అదే ఫొటోను 0.4 మెగాబైట్లకు కుదిస్తే 3.2 సెకన్లు చాలు. ‘ఆలస్యానికి కారణం ఈ ఫొటోయే’ అన్నది మీ పరికల్పన. ఇక దాన్ని పరీక్షించాలి.

పేజీ నకళ్లు రెండు తీసుకోండి. ఒకదానిలో పాత ఫొటో, రెండవదానిలో కుదించిన ఫొటో ఉంచండి. మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్ నడిపి, బ్రౌజర్‌లో వేగాన్ని తగ్గించే సదుపాయంతో రెండింటినీ ఒకే వేగంలో కొలవండి. పాత ఫైళ్లను దాచుకునే కాష్‌ను ఆపడం మరచిపోవద్దు. లేకపోతే రెండవసారి కొలత మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒకవేళ సమయం తగ్గకపోతే? నిరాశ పడనక్కరలేదు. కారణం మరెక్కడో, బహుశా సర్వర్‌లోనే ఉందని తెలిసింది. అదీ ఫలితమే.

ఇతరులు ఇంతకుముందు ఏం చేశారో చూడటం కూడా పరిశోధనలో భాగమే. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’లో, ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ‘ఎన్‌పీటెల్’లో ఉచితంగా లభిస్తాయి. చదివినదాన్ని మీ మాటల్లో రాయండి. ఎక్కడ చదివారో తప్పక చెప్పండి.

చివరగా, మీ ఫలితాన్ని కొలతలతో సహా ప్రిన్సిపాల్‌గారికి చూపండి. ఆ పేజీ తేలికైతే, పరీక్షల వివరాల కోసం బలహీనమైన సిగ్నల్ దగ్గర నిలబడి చూసే మీ జూనియర్‌కు అర నిమిషం కలిసివస్తుంది. బొమ్మను పేజీలోకి తెచ్చినది ఒక డిగ్రీ విద్యార్థి. ఆ బొమ్మ బరువు తగ్గించే పని మరో డిగ్రీ విద్యార్థి ఎందుకు చేయకూడదు?

ఈ వారంలోనే మీకు ఎదురైన ఒక ఇబ్బందిని ప్రశ్నగా మార్చి నోటుపుస్తకంలో రాసుకోండి. మరొక పాఠంలో కలుసుకుందాం. సెలవు.