అభ్యాసంలో స్తబ్దత

ఏ విద్య అయినా ఆరంభంలో ఉత్సాహాన్నిస్తుంది. కొంతకాలం గడచిన పిమ్మట, ఎంత శ్రమించినా ముందడుగు పడని దశ ఒకటి వస్తుంది. సంగీతం నేర్చేవారికీ, పరభాష నేర్చేవారికీ ఇది అనుభవమే. అయితే ఈ స్తబ్దత దాచుకొనేందుకు వీలులేనంత స్పష్టంగా బయటపడే విద్య ఒకటున్నది. అది బ్రెజిల్ దేశపు జియుజిట్సు. ఆ విద్య ఆధారంగా ఈ స్తబ్దత స్వరూపాన్నీ, దానిని దాటే ఉపాయాన్నీ విచారిద్దాం.

జపాను యోధుడు మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరినాడు. ఆయన తెచ్చిన విద్యను కార్లోస్ గ్రేసీ, అతని తమ్ముడు హీలియో తమదైన రీతిలో పెంపొందించినారు. మన కుస్తీలో వీపు నేలను తాకితే ఓటమి. జియుజిట్సులో అసలు పోరు అక్కడే ఆరంభం కావచ్చును. వెల్లకిల పడినవాడు కాళ్లతో ప్రత్యర్థిని అదుపుచేసి, కీలు మెలిపెట్టి గాని, మెడ బిగించి గాని లోబరచుకొంటాడు. లొంగినవాడు అరచేతితో తడతాడు. పట్టు వెంటనే విడుస్తారు. ఇద్దరూ మళ్లీ మొదలుపెడతారు. ఒక్క సాయంకాలంలో పదిసార్లు తట్టవలసి రావచ్చును. నెలల తరబడి ఇదే జరిగితే ఎంతటివానికైనా మనస్సు కుంగుతుంది.

ఈ విద్యలో తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అని బెల్టుల వరుస. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం పెద్దలు నీలం బెల్టులోనే సాధారణంగా కనీసం 2 సంవత్సరాలు గడపాలి. కొత్తదనం పోయి, నైపుణ్యం ఇంకా రాని ఈ నడిమి కాలంలోనే పలువురు విరమించుకొంటారని శిక్షకులు చెబుతారు.

ఈ నిలుపుదలకు కారణమేమి? అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే పండితులు టెలిగ్రాఫు నేర్చేవారిని పరిశీలించి 1897లోను, 1899లోను తమ నిర్ణయాలు ప్రకటించినారు. వార్త పంపే నేర్పు క్రమంగా పెరిగినది. వార్త వినే నేర్పు మాత్రం కొంత పెరిగి, చాలకాలం కదలక, మళ్లీ పెరిగినది. అక్షరం అక్షరంగా వినడం అలవాటై, మాటలు మాటలుగా వినడం ఇంకా అలవడని మధ్యకాలమది అని వారి భావం. ఇది తప్పనిసరి కాదని, శిక్షణ తీరును బట్టి ఉంటుందని 1958లో కెల్లర్ అనే మరొక శాస్త్రజ్ఞుడు వాదించినాడు. ఇద్దరి మాటా మనకు ఉపయోగమే. జియుజిట్సులో ఒక్కొక్క పట్టు ఒక్కొక్క అక్షరం. పట్టునుంచి పట్టుకు ప్రవహించడమే మాట. అక్షరాలు వచ్చినవాడు మాటకోసం వేచి ఉండవలసిందే. కాని ఊరక కాదు, శిక్షణ తీరు మార్చుకొంటూ.

మరొక సంగతి. తోటి అభ్యాసకులు కూడా ఎదుగుతున్నారు. పక్కపక్కన ఒకే వేగంతో పోయే రెండు రైళ్లలో కూర్చున్నవారికి బండి కదలనట్టే తోస్తుంది. కాబట్టి గెలుపోటములు మంచి కొలబద్ద కావు. కొలబద్దను మార్చాలి. ఒక నెలపాటు ఒకే లక్ష్యం పెట్టుకోవచ్చును: ప్రత్యర్థి ఛాతీపై కూర్చున్నప్పుడు తప్పించుకోవడం. తోటివానితో చెప్పుకొని ఆ స్థితినుంచే మొదలుపెట్టి, తప్పించుకోగానే ఆపి, తిరిగి అదే స్థితికి రావాలి. కొత్తవారితో కొత్త పట్లు ప్రయత్నించాలి. పెద్దవారితో కాచుకోవడం నేర్చుకోవాలి. ఏ పట్టుకు ఎందుకు లొంగినదీ పుస్తకంలో రెండు పంక్తులు రాసుకోవాలి. మూడు నెలల తరువాత ఆ పుటలే ప్రగతికి సాక్ష్యమిస్తాయి.

అయితే అలసటను స్తబ్దతగా భ్రమపడరాదు. నిద్ర చెడడం, ఆకలి తగ్గడం, నొప్పులు మానకపోవడం, చికాకు పెరగడం అతిశ్రమ లక్షణాలు కావచ్చును. అప్పుడు పట్టుదల హాని చేస్తుంది. విశ్రాంతి తీసుకోవాలి, తగ్గకుంటే వైద్యుని చూడాలి. స్తబ్దతకు మందు మార్పు. అలసటకు మందు విరామం.

నేడు హైదరాబాదు వంటి మన నగరాలలోను ఈ విద్య నేర్పుతున్నారు. మీ ఇంటి పిల్లలు సాధన ముగించి వచ్చినప్పుడు “గెలిచావా?” అని అడగకండి. “ఈ రోజు ఏమి నేర్చుకొన్నావు?” అని అడగండి. కుంగిన దశలో ఆ ఒక్క ప్రశ్న వారిని నిలబెట్టగలదు.

1951 అక్టోబరు 23న రియో డి జెనీరోలోని మరకానా క్రీడాంగణంలో హీలియో గ్రేసీ జపాను వీరుడు మసహికో కిమురా చేతిలో ఓడిపోయినాడు. చేతిని మెలిపెట్టినా హీలియో తట్టలేదు. అన్న కార్లోస్ తువాలు విసిరి పోరు ఆపించినాడు. ఆ పట్టును బ్రెజిల్ వారు మరుగుపరచలేదు. దానికి విజేత పేరే పెట్టి, “కిమురా” అని నేటికీ తమ శిష్యులకు నేర్పుతున్నారు. తమను ఓడించినదానినే పాఠంగా చేసుకొన్నవారి విద్య అది. దానిని నేర్చేవారు కూడా తమ స్తబ్దతను అట్లే చదువుకోవాలి.