పరీక్ష యొకటి, అనుజ్ఞ వేఱొకటి



మేము జీవితమంతయు వ్యాకరణము చెప్పినవారము. అయినను మన బాలబాలికలు పలువురు అమెరికా సి.పి.ఏ. పరీక్షకుఁ బూనుకొనుచుండుటచే, విచారించి తెలిసికొన్నంత విన్నవించుచున్నాము.

మన దేశమున 1949 నాఁటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టముచే నేర్పడిన సంస్థ యొక్కటియే. దాని వృత్తిపత్రము గలవాఁడు విజయవాడలోనైనను, ముంబయిలోనైనను వృత్తి సలుపవచ్చును. అమెరికాలో నట్లు గాదు. 1896లో న్యూయార్కు తొలి చట్టము చేసినది మొదలు ఈ యధికారము రాష్ట్రములదియే. నేఁడు రాష్ట్రములకును, ఇతర ప్రాంతములకును గలిపి 55 బోర్డులు గలవు. పరీక్ష మాత్ర మంతట నొక్కటే: నాలుగు భాగములు, ప్రతి భాగమున నెగ్గుటకు 75 మార్కులు. 2020 నుండి దానిని మన దేశమందే వ్రాయవచ్చును. బిడ్డ పరీక్ష గెలువఁగానే తలిదండ్రులు మిఠాయి పంచుదురు. కాని యొక రాష్ట్రపు అనుజ్ఞ లేనిదే యా బిరుదము ధరింపరాదు.

వ్యాకరణమునందు ఉత్సర్గాపవాదములు గలవు గదా! ఇందును నట్లే. టెక్సాసు అనుజ్ఞ గలవాఁడు ఓక్లహోమాలోని వర్తకుని పన్నులెక్కను వేఱు పత్రము లేకయే చేసి యీయవచ్చును. ఇది యుత్సర్గము. కార్యాలయమునే ఓక్లహోమాకు మార్చెనా, అచ్చటి అనుజ్ఞ గోరవలెను. ఇది యపవాదము. ఆడిట్ పనికి నియమములు మఱింత కఠినములు.

చదువు విషయమునను భేదము గలదు. చిరకాలము 150 క్రెడిట్లు వలయునని నియమముండెను. 2025 జనవరిలో ఒహాయో, పరీక్షతోపాటు డిగ్రీయు, రెండేండ్ల యనుభవమును జాలునను మార్గమును గూడ తెఱచుచు చట్టము చేసినది. మఱికొన్ని రాష్ట్రము లా త్రోవఁ ద్రొక్కినవి. కాని యన్నిచోట్ల నమలు తేదీ యొకటి గాదు.

కావున పొలము తాకట్టుపెట్టి రుసుము గట్టుటకు ముందే మూఁడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనుఁడు. ఏ రాష్ట్రపు అనుజ్ఞ కోరుచున్నాము? మన మూఁడేండ్ల బి.కాం. అచ్చటఁ జెల్లునా? అనుభవమును ధ్రువీకరించువా రెవరు? కొన్ని రాష్ట్రములు సోషల్ సెక్యూరిటీ సంఖ్యను గూడ నడుగును. ఇచ్చటనే యుండి అనుజ్ఞ గోరువారికి అది పెద్ద చిక్కు.

మన విద్యానిధినుండి సాయమిచ్చుటకు ముందు ఈ సమాధానములను ఆ రాష్ట్రపు బోర్డు నియమములతో సరిచూచు నాచారము నీ మహాసభ స్థాపింపవలెనని మా ప్రార్థన. నియమము పరులదైనను అప్పు మనది. తెలిసి చేసిన యప్పు బిడ్డకు రెక్కయగును, తెలియక చేసినది సంకెల యగును.