కత్తెర పెట్టే ముందు
(సంఘ వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అతుకుల దుప్పటి కుట్టడం గురించి మాట్లాడమని నన్ను కోరారు. పావుగంట సమయం ఇచ్చారు. అందులో కుట్టు సంగతి చెప్పబోవడం లేదు. గుడ్డను సిద్ధం చేసుకోవడం, కత్తిరించుకోవడం, ఈ రెండే చెబుతాను. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తిరింపు తప్పితే విప్పుకోవడానికి ఏమీ ఉండదు. పైగా మనలో చాలామంది కుట్టాలనుకునేది కొట్లో కొన్న గుడ్డతో కాదు. పెట్టె అడుగున దాచుకున్న అమ్మ చీరతోనో, పిల్లల చిన్ననాటి గౌన్లతోనో. అవి మళ్ళీ దొరికేవి కావు.

"మా అమ్మమ్మ కొలతబద్ద ముట్టుకోకుండా ఎన్ని బొంతలు కుట్టలేదూ!" అని కొందరు నాతో అంటారు. నిజమే, కుట్టింది. కానీ బొంత వేరు, ఇది వేరు. బొంతకు పాత చీరలు నాలుగైదు పొరలుగా పరచి, చిరుగు ఉన్నచోట ముక్క వేసి, ఆ చివర నుంచి ఈ చివరకు టాకాలు వేసుకుంటూ పోయేవారు. ముక్క వంకరగా ఉన్నా అంచు మడిస్తే సరిపోయేది, ఎందుకంటే దాని కింద గుడ్డ ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది స్త్రీలు కుట్టే కవందికి కూడా కింద ఒక చీర ఆధారంగా ఉంటుంది. అతుకుల దుప్పటిలో అలా కాదు. ముక్కను ముక్కకే కుడతాం. కింద ఆధారం ఏదీ లేదు కాబట్టి ఒక ముక్క తప్పు పక్క ముక్క మోయవలసి వస్తుంది. బొంతలు చూసి పెరిగిన మనం తడబడేది ఇక్కడే.

కాస్త లెక్క చూద్దాం. మనవడికో మనవరాలికో 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు దుప్పటి అనుకోండి. 5 అంగుళాల చదరపు ముక్క కత్తిరిస్తే, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోగా నాలుగున్నర మిగులుతుంది. అడ్డం 8, నిలువు 10, మొత్తం 80 ముక్కలు. 44 అంగుళాల పన్నా గుడ్డలో 5 అంగుళాల పట్టీ ఒకటికి 8 ముక్కలు వస్తాయి. అంటే 10 పట్టీలు, 50 అంగుళాలు. తడిపితే తగ్గేదీ, వంకర తీయడానికి పోయేదీ కలిపి పై భాగానికి మీటరున్నర ఉంచుకోండి.

ఇప్పుడు ఒక్కొక్క ముక్క వీసం అంగుళం తగ్గిందనుకుందాం. వీసం అంటే మన తరానికి చెప్పనక్కరలేదు, పదహారో వంతు. పది ముక్కల వరుసకు పది వీసాలు, అర అంగుళం దాటిపోయింది! పక్క వరుస సరిగా ఉంటే ఆ రెండింటినీ కలపడానికి లాగి కుడతాం. అక్కడ దుప్పటి బుడగలా లేస్తుంది. ఇస్త్రీకి లొంగదు.

గుడ్డను ముందు ఉతకాలి. నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుంటుంది. కొత్త గుడ్డ, పాత గుడ్డ కలిపి కుడితే మొదటి ఉతుకులోనే కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగేస్తుంది. ముదురు ఎరుపు, నీలం గుడ్డల మీద తడిపిన తెల్లగుడ్డ నొక్కి చూడండి. రంగు అంటితే, అంటడం మానేదాకా విడిగా ఉతకండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉంది. అద్దకం వేసే సమయంలో ఉప్పుకు పని ఉంది గానీ, తయారై వచ్చిన గుడ్డకు మనం వేసే ఉప్పుతో పెద్ద ప్రయోజనం లేదు.

తరువాత గంజి. బజారులో డబ్బాల్లో ఏవేవో అమ్ముతున్నారు గానీ మన అన్నపు గంజికి మించినది నాకు కనపడలేదు. పలుచగా వడగట్టి పెట్టండి. గంజి పెట్టిన గుడ్డ కత్తెర కింద కదలదు, సాగదు. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. పెట్టెను ముందుకూ వెనక్కూ తోయకుండా నొక్కి ఎత్తండి. తోస్తే గుడ్డ సాగుతుంది. ఒక్క జాగ్రత్త: గంజి గుడ్డను నెలల తరబడి దాచకండి, పురుగు పడుతుంది. దుప్పటి పూర్తయ్యాక ఒకసారి ఉతికితే గంజి పోతుంది.

పడుగు, పేక అందరికీ తెలిసినవే. గుడ్డను పడుగు వెంట లాగి చూడండి, దాదాపు సాగదు. పేక వెంట కొంచెం సాగుతుంది. ఏటవాలుగా లాగితే రబ్బరులా సాగుతుంది. అందుచేత చదరం నాలుగు అంచులూ పోగుల వెంటే ఉండాలి. దానికి పాత ఉపాయమే మంచిది. అంచు దగ్గర ఒక పోగును సూదితో లేపి మెల్లగా లాగండి. అది పోయిన దారి గీతలా కనిపిస్తుంది. అదే మీ మొదటి గీత. అచ్చు వేసిన చారలను నమ్మవద్దు, అవి పోగులకు వంకరగా ఉండవచ్చు. మగ్గం మీద నుంచి వచ్చిన గట్టి అంచును ముక్కల్లోకి రానివ్వకండి.

నేను ఇరిగేషన్ శాఖలో ట్రేసరుగా పనిచేసినదాన్ని. గీతకు మందం ఉంటుందని ఆ బల్ల దగ్గరే తెలిసింది. మొద్దు పెన్సిలు గీతే వీసం అంగుళం తినేస్తుంది. సన్నగా చెక్కిన పెన్సిలు వాడండి, కత్తెర గీతకు లోపల పోవాలా, మీద పోవాలా అన్నది ముందే నిశ్చయించుకుని 80 ముక్కలకూ అదే పాటించండి. దర్జీ టేపు ఏళ్ళు గడిచేకొద్దీ సాగుతుంది. స్టీలు స్కేలు వాడండి, అదీ మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. అట్టముక్కతో అచ్చు చేసుకుంటే ఇరవై ముక్కలకే మూలలు అరిగిపోతాయి. పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి కత్తిరించుకోండి, అరగదు. ఆ ఫిల్ములకు మన ఇళ్ళలో కొదవ లేదు కదా!

కత్తెర కింది రెక్క బల్లను ఆనుకునే నడవాలి. గుడ్డను చేత్తో ఎత్తకండి. రెండు పొరలకు మించి ఒకేసారి కత్తిరించకండి, ఈ వయసులో బొటనవేలికీ మంచిది. గుండ్రటి బ్లేడు ఉండే రోటరీ కట్టర్లు వచ్చాయి. పని త్వరగా అవుతుంది గానీ దానికి వేరే చాప కావాలి, మనవలు తిరిగే ఇంట్లో బ్లేడు మూయడం మరవకూడదు. మొదటి దుప్పటికి మంచి కత్తెర చాలు. పది ముక్కలు కాగానే పదోదాన్ని మొదటిదాని మీద పెట్టి చూసుకోండి. తరువాత నాలుగు ముక్కలు రెండేసి చొప్పున కుట్టి కొలవండి. సరిగ్గా తొమ్మిదిన్నర అంగుళాలు వస్తేనే మిగతా గుడ్డకు కత్తెర పెట్టండి.

ఇక అమ్మ చీర సంగతి. కిటికీ దగ్గర వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కూర్చునేచోట, కుచ్చిళ్ళ అడుగున చీర పలచబడి ఉంటుంది. లోపల చుట్టుకునే మొదటి గజం చాలావరకు గట్టిగా ఉంటుంది, ముక్కలు అక్కడ తీసుకోండి. పలుచగా ఉన్నచోట కింద మల్లుగుడ్డ వేసి, రెండింటినీ ఒకే గుడ్డలా కత్తిరించండి. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగితే పోగులు చిటచిటమంటే మాత్రం కత్తెర తీసి లోపల పెట్టండి. పాత పట్టుచీరలు మడతల దగ్గర ఇలాగే విచ్చిపోతాయి. కిందటి నెల ఒక సోదరి వాళ్ళమ్మగారి చీర తెచ్చి ముక్కలు చేసిపెట్టమన్నారు. లాగి చూసి వద్దన్నాను. ఆమెకు కష్టం కలిగింది. అటువంటి చీరకు మన బొంతే తగినది. ముక్కలు చేయకుండా, మడత విప్పి, రెండు గట్టి చీరల నడుమ పొరగా పరిచి టాకాలు వేస్తే దాని మీద బరువు పడదు. ఆమె ఇప్పుడు అదే కుడుతున్నారు.

వచ్చే నెల సమావేశానికి ఆసక్తి ఉన్నవారు ఉతికి గంజి పెట్టిన గుడ్డ అర మీటరు, స్టీలు స్కేలు తెచ్చుకోండి. కత్తెరలు నేను తెస్తాను.