పరదేశపు బండి – స్వదేశపు బాట

(కరీంనగరమునందలి యొక పఠనమందిరమున జరిగిన సభలో చేయబడిన ప్రసంగపాఠము)



కొలది దినముల క్రిందట జగిత్యాల ప్రాంతపు సోదరుడొకడు నన్ను కలిసికొని యిట్లనెను: "అయ్యా! పదునాలుగేండ్లు దుబాయిలో బండి తోలితిని. ఆ కష్టార్జితముతో అక్కడనే యొక కారు కొంటిని. ఇప్పుడు తిరిగి యింటికి వచ్చుచు దానినిగూడ ఓడపై తెచ్చుకొందునన్న, మన సర్కారు రానీయదట. అక్కడ వేలకొలది జనులు సుఖముగా ఎక్కి తిరుగు బండి మన బాటకు పనికిరాదా? నా చెమట నా ఊరికి రాగూడదా?"

ఈ ప్రశ్న ఒక్కనిది కాదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతములలో గల్ఫుదేశములకు పోయిన బిడ్డ లేని పల్లె అరుదు. ఆ బిడ్డలు పంపిన సొమ్ముతోనే ఎన్నియో ఇండ్లు లేచినవి, ఎందఱో ఆడబిడ్డల పెండ్లిండ్లు జరిగినవి. అట్టివారి ప్రశ్నకు "చట్టము అట్లున్నది, పొమ్ము" అని యుత్తరమిచ్చుట మర్యాద కాదు. చట్టము అట్లేల యున్నదో చెప్పవలెను. ఆ చట్టము చేసినవారిని మనము తిరిగి యడుగవలసిన ప్రశ్న యేదియో అదియు చెప్పవలెను. ఈ రెండును చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని. సుంకముల సంగతి వేఱు. నా ప్రసంగము ప్రాణరక్షణను గూర్చినది.

మొదట చట్టము. వాడిన మోటారు బండిని విదేశమునుండి మన దేశమునకు తేవలెనన్న, అది తయారై మూడేండ్లు మించి యుండరాదు. దాని స్టీరింగు చక్రము కుడివైపున నుండవలెను. వేగమును చూపు యంత్రము కిలోమీటర్లలో చూపవలెను. ముందుదీపముల వెలుగు ఎడమవైపున నడచు బాటకు తగినట్లు పడవలెను. మఱి యైదేండ్లయినను బాటపై నడువగల స్థితిలో నుండవలెను. ఓడ ఎక్కకముందే పరీక్షాపత్రము పొందవలెను. దిగవలసిన రేవు బొంబాయి, అనగా నేటి ముంబయి, ఒక్కటియే. దిగిన పిమ్మట పూనాలోని ఆరాయి వంటి పరీక్షాసంస్థ యొప్పుకొనవలెను. గల్ఫుదేశములలో బండ్లు బాటకు కుడివైపున నడచును. కనుక అక్కడి కారు చక్రము ఎడమవైపున నుండును. మన సోదరుని కారు ఆ రెండవ నియమమువద్దనే ఆగిపోవును. విదేశయాత్రికులు కార్నే పత్రముతో కొలదికాలమునకై తెచ్చి తిరిగి కొనిపోవు బండ్ల సంగతి వేఱు. ఎడమచక్రపు బండికి సంజ్ఞలు చూపు ప్రత్యేక సాధన ముండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 120వ సెక్షనులో చెప్పినది.

ఇక కారణము. దీనిని పుస్తకమున వెదుక నక్కఱలేదు. మన బాటపై నిలిచి చూచిన చాలును. కరీంనగరపు గ్రానైటు రాళ్ల లారీలు, మంచిర్యాల, రామగుండముల బొగ్గు లారీలు, ఆదిలాబాదు పత్తి లారీలు మన దారులలో నిత్యము కనబడునవే. నడుమ గట్టు లేని రెండు వరుసల బాటమీద అట్టి లారీ వెనుక పోవుచున్నారనుకొనుడు. కుడివైపున కూర్చున్న చోదకుడు కొంచెము పక్కకు జరిగినంతనే ఎదురు వచ్చు బండి యగపడును. ఎడమవైపున కూర్చున్నవానికి లారీ వెనుకతట్టును, పక్కనున్న చేనును తప్ప మఱేమియు కనబడదు. ఎదుటి బాట చూడవలెనన్న అతడు కారు నంతయు కుడివైపునకు నెట్టవలెను. అప్పటికి ఎదురుబండి మీదికి వచ్చియే యుండును. చూపు ముందు, సాహసము వెనుక నుండవలసినచోట, సాహసము ముందును చూపు వెనుకను పడుచున్నది.

దీపముల సంగతి చూడుడు. కుడివైపున నడచు దేశముల కారుదీపము వెలుగును దించినపుడు బాటకు కుడియంచున కొంచెము పైకి ప్రసరించును. అక్కడ నడచుపోవువారు కనబడుటకై అట్లు చేయబడినది. అదే దీపము మన బాటపై వెలిగినచో, ఆ పైవెలుగు సరిగా ఎదురువచ్చు చోదకుని కన్నులలో పడును. రాత్రివేళ ద్విచక్రవాహనముపై వచ్చు రైతు ఒక్క క్షణము కనులు మూసికొనిన చాలును. తలుపుల సంగతియు నట్టిదే. ఎడమచక్రపు కారులో చోదకుని పక్కన కూర్చున్నవాడు మన ఊరిలో దిగునది కాలిబాటపైకి కాదు, వెనుకనుండి వచ్చు బస్సు ముందునకు.

ఇది ఊహ మాత్రమే యని యెవరైన ననుకొన్న, ఒకప్పుడు మన తెలుగువారు వేలకొలదిగా వలసపోయిన బర్మా దేశమును చూడుడు. 1970లో అక్కడి ప్రభుత్వము బాటను ఎడమనుండి కుడికి మార్చెను. కాని బండ్లు మారలేదు. ఆ తరువాత దశాబ్దములపాటు జపానునుండి వచ్చిన పాత కుడిచక్రపు బండ్లే రంగూను వీథులలో నిండినవి. బస్సు తలుపు బాట నడుమకు తెఱచుకొనుటయు, చోదకుడు కానరాని దారిలో ఇతరులను దాటుటకు యత్నించుటయు అక్కడి నిత్యకృత్యములైనవి. చౌకగా వచ్చిన బండికి తక్కిన వెల బాటపై నడచు జనులు చెల్లించిరి.

"అట్లయిన ఇక్కడి మెకానిక్కుచేత చక్రము కుడికి మార్పించుకొనరాదా?" యని యడుగువారు కలరు. స్టీరింగు చక్రము గోడకు తగిలించిన పటము కాదు. దానితోపాటు బ్రేకు తొక్కుడుపలక, దాని కడ్డీలు, తీగెలు, ఎయిర్‌బ్యాగనెడి గాలిసంచి అన్నియు మారవలెను. తయారుచేసినవారు నిర్ణయించిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చుటను 52వ సెక్షను నిషేధించినది. సంపన్నదేశములును ఇట్టి కట్టడి లేకుండ లేవు. అమెరికాలో పరదేశపు విపణికై చేసిన కారు అక్కడి భద్రతానియమములకు సరిపోనిచో, అది తయారై 25 ఏండ్లు నిండువఱకు సామాన్యముగా వారి బాటపై అడుగుపెట్టదు. గల్ఫు రాజ్యములును మన కుడిచక్రపు బండ్లను తమ బాటలకు సామాన్యముగా నొప్పుకొనవు.

కావున ఈ నియమము పరదేశపు వస్తువుపై ద్వేషము కాదు. ద్వేషమే యైనచో మన బస్సులకు చరిత్రయే యుండెడిది కాదు. 1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను ఆరంభమయ్యెను. ఆ తొలినాటి బస్సులు స్కాట్లండునందలి ఆల్బియన్ కంపెనీవి. సముద్రము దాటి వచ్చినను అవి మన బాటకు సరిపోయినవి. ఏలయన, అక్కడి బాటయు ఎడమదే. నేటికిని తలుపు మూయబడలేదు. ఐరోపా, జపాను వంటి దేశముల ప్రమాణములకు సరిపోయిన క్రొత్త బండ్లను, కంపెనీయో దాని ప్రతినిధియో, ఇక్కడ మరల పరీక్షింపకయే సంవత్సరమునకు 2,500 వఱకు తెచ్చుకొనవచ్చునని 2018లో కేంద్రప్రభుత్వము నియమము సడలించెను. ఎక్కడ చేసిరన్నది కాదు, ఏ కొలతకు నిలిచినదన్నదే ముఖ్యము.

సోదరులారా! ఇంతవఱకు చెప్పినది సగము మాత్రమే. రెండవ సగము మనకు చేదుగా నుండును. గురివిందగింజ తన క్రింది నలుపు నెఱుగదని సామెత. పరదేశపు బండి రేవులో దిగగానే కొలబద్ద చేతబట్టి నిలిచిన మనము, మన దేశములో చేసి మన బిడ్డలకే అమ్మిన బండ్లను ఏ కొలతతో కొలిచితిమి?

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను అంతర్జాతీయ సంస్థ, మన దేశమున విరివిగా అమ్ముడుపోవు ఐదు చిన్నకార్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించెను. ఐదింటికిని పెద్దవారి రక్షణలో ఒక్క నక్షత్రమైనను రాలేదు. పరీక్షింపబడినవి గాలిసంచులు లేని కార్లు. ఐరోపాలో అమ్ము బండ్లలో అవి సామాన్యముగా నుండగా, మన సామాన్యుడు కొను బండిలో అప్పుడు లేకుండెను. కరీంనగరపు వెండితీగె పనివాడు పొరుగూరివానికొక వెండి, ఇంటివానికొక వెండి వాడినచో వాని నేమందుము? పరదేశీయుని ప్రాణమున కొక తూకపురాయి, స్వదేశీయుని ప్రాణమునకు మఱియొక తూకపురాయి యుండుట స్వదేశీయత కాదు. మనవాడు చేసినంతమాత్రమున మనవానికి మేలు చేసినట్లు కాదు.

అటుపిమ్మట కొంత మేలుకలిగినది. ముందునుండియు పక్కనుండియు ఢీకొట్టు పరీక్షలు క్రొత్త నమూనాలకు 2017 అక్టోబరునుండియు, తక్కిన కార్లకు 2019 అక్టోబరునుండియు విధింపబడినవి. చోదకునికి గాలిసంచి 2019 జూలైనుండి తప్పనిసరియైనది. 2023 అక్టోబరు 1వ తేదీన భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత నక్షత్రపరీక్ష ఆరంభమైనది. సంతోషమే. కాని ఆ నక్షత్రపరీక్షకు కంపెనీవారు తమంతట తాము ముందుకు రావలెను. అది విధి కాదు. 2022లో దేశమందు రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అనగా దినమునకు 460 మందికి పైగా. ఇంత నష్టము జరుగుచుండగా మందగమనము తగదు.

మఱియొకమాట. కొలబద్ద రేవువద్దను కార్ఖానావద్దను ఉన్నంతమాత్రమున చాలదు, బాటపైనను ఉండవలెను. 2018 సెప్టెంబరు 11వ తేదీని మన జిల్లాలవారు మఱువలేరు. కొండగట్టు దారిలో, పట్టవలసినవారికంటె ఎంతో హెచ్చుగా జనులెక్కిన బస్సు లోయలో పడి అఱువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అది పరదేశపు బండి కాదు. మన ప్రజల బస్సే. ఏ రేవులోని పరీక్షయు వారిని రక్షించియుండదు. బండి యోగ్యతను ఏటేట నిజముగా చూచుట, మోయదగినంతయే మోయించుట, పల్లెకు చాలినన్ని బస్సులు నడుపుట, ఇవియే వారిని రక్షించియుండెడివి.

కావున మనము కోరవలసినవి మూడు. ఒకటి, పరదేశపు బండికి పెట్టిన కొలత స్వదేశపు బండికిని, చిన్నకారుకును, బస్సుకును సమానముగా నుండవలెను. రెండు, నక్షత్రపరీక్ష ప్రతి నమూనాకును విధియై, దాని ఫలితము కొనువానికి తెలుగులో తెలుపబడవలెను. మూడు, ఇంటికి మరలు గల్ఫు సోదరులకు ఏ బండి రాగలదో, ఏది రానేరదో, వారు సొమ్ము వెచ్చింపకముందే విమానాశ్రయములలోను దౌత్యకార్యాలయములలోను తేటగా చెప్పవలెను. దళారి మాట నమ్మి ముంబయి రేవులో బండిని విడిచి కన్నీటితో ఇల్లు చేరు దుర్గతి యెవనికిని రాగూడదు.

ఆ జగిత్యాల సోదరునికి నేనిచ్చిన ఉత్తరము ఇదియే: "తమ్ముడా! నీ కారును అక్కడనే అమ్ముము. ఆ సొమ్ము తెచ్చి ఇక్కడ బండి కొనునపుడు వెలకంటె ముందు నక్షత్రముల నడుగుము. లేనిచో 'ఏల లేదు?' అని గట్టిగా నడుగుము. నీ కారు మన బాటకు రాకూడదన్న చట్టము నీ బిడ్డల ప్రాణమును గూర్చి చేసినది. అదే చట్టము నీవిక్కడ కొను కారునుగూడ అంత కఠినముగా ప్రశ్నింపవలెనని కోరు హక్కు నీకున్నది." అతడు కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యా, ఆ మాట మీరు నలుగురిలో చెప్పుడు" అనెను. చెప్పితిని. ఇక అడుగవలసినవారు మీరు.