బడి గేటు ముందు మన జామపండు



ఈ వేళ హైదరాబాదు పాతబస్తీ పిల్లల తిండిని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పట్నం పిల్లల తిండితో సేద్యగాళ్లకు పనేమిటంటారేమో. ఉన్నది. చివరిదాకా చిత్తగించండి.

సాయంత్రం నాలుగు గంటలప్పుడు శాలిబండలోనో, మొగల్‌పురాలోనో ఒక హైస్కూలు గేటు దగ్గర నిలబడి చూడండి. గంట కొట్టగానే పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు గుంపుగా వస్తారు. కడుపులో ఆకలి, జేబులో పది రూపాయలు. ఎదురుగా మిర్చిబజ్జీల బండి, సమోసాలు, రంగునీళ్ల సీసాలు, దండలుగా వేలాడే చిప్స్ పొట్లాలు. మూలమీద చాయ్ హోటలు. పిల్లవాడు కనబడినదే కొంటాడు. ఇంటికి పోయి, "ఆకలి లేదమ్మా" అంటాడు. తల్లి వాణ్ణి కోప్పడుతుంది.

తప్పంతా వాడిదేనా? బీడులో ఏది మొలిస్తే గొడ్డు అదే మేస్తుంది. బీడును బాగుచెయ్యకుండా గొడ్డును అదిలిస్తే ఏం లాభం?

ఇది ఎముక, కండ, రక్తం పెరిగే వయస్సు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తంమీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం, రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట చాయ్ తాగరాదు. అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. జామపండు దీనికి ఎదురు. అందులోని సి విటమిను ఇనుము పట్టడానికి తోడ్పడుతుంది. ఆ విటమిను నారింజలో కన్న జామలో ఎన్నో రెట్లు ఎక్కువ.

2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఒక నిబంధన చేసింది. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలను బడి ఆవరణలో గాని, గేటుకు 50 మీటర్ల లోపున గాని పిల్లలకు అమ్మరాదు. మంచిదే. కాని వద్దన్నంత మాత్రాన ఆకలి ఆగుతుందా? ఆ చోట ఇంకొకటి రావాలి కదా!

మీ పని అక్కడే ఉన్నది. చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు పంట పట్నానికి చేరుతూనే ఉన్నది. పాతబస్తీలో మీరాలం మండి ఉన్నది, ఫలక్‌నుమాలో రైతుబజారు ఉన్నది. కాని పొద్దున మండిలో ఉన్న పండు, సాయంత్రం బడి ముందు ఉండదు. ఆ కాస్త దూరం దాటించాలి.

ఎట్లాగంటారా? చిన్నకాయకు మండిలో ధర రాదని విసుక్కుంటారు. పది రూపాయల పిల్లవాడికి చిన్నకాయే సరిపోతుంది. దాన్ని వేరుగా ఏరి, తోపుడుబండి వాళ్లతో మాట్లాడుకుని, మూడున్నరకల్లా బడి ముందుకు చేర్చండి. పచ్చికాయ పంపవద్దు, ఒకసారి వగరు తగిలితే పిల్లవాడు మళ్లీ రాడు. జామ లేని రోజుల్లో రేగుపండ్లు, సీతాఫలాలు, ఎండాకాలంలో ముంజలు. ఉడికించిన పల్లీలు పొట్లం కట్టి ఇస్తే కడుపూ నిండుతుంది, కండా పడుతుంది. పండును శుభ్రమైన నీళ్లతో కడగాలి. ముందే కోసి ఈగలపాలు చెయ్యవద్దు. అడిగినప్పుడే కొయ్యాలి.

బజ్జీలబండి అతను మనకు శత్రువు కాడు. అతనిదీ పొట్టకూటి పనే. అతని బండిమీదే ఒక గంప జామ పెట్టించగలిగితే ఇంకా మేలు.

ఈసారి మండికి వచ్చినప్పుడు వెంటనే వెనుదిరగకండి. నాలుగు గంటలకు ఒక బడి ముందు నిలబడండి. మీరు పండించినది అక్కడ కనబడుతున్నదా? కనబడకపోతే, కోప్పడవలసింది పిల్లవాణ్ణి కాదు.